ఏ ఎడారికి వెళ్లాలి? రాసేవారికీ బొమ్మలు వేసేవారికీ ఒక పోలిక

రాసుకోవడానికి ఎక్కడికైనా వెళ్లాలనిపిస్తే తెలుగువారి మనసు ముందుగా అరకు వైపో, పాపికొండల వైపో పోతుంది. ఎడారి ఊహ ఆలస్యంగా వస్తుంది, వచ్చాక మాత్రం వదలదు. ఇసుక తిన్నెల ఫోటో ఒకటి చూడగానే, అక్కడ నెల రోజులు కూర్చుంటే ఆగిపోయిన నవల కదులుతుందని, ఎప్పటినుంచో తేలని బొమ్మ తేలుతుందని ఆశ పుడుతుంది. ఆ ఆశను నేను కొట్టిపారేయను. అయితే ఎడారులన్నీ ఒకలా ఉండవు. ఒకచోట వెలుగు దొరుకుతుంది, మరోచోట కథలు, ఇంకోచోట చేతిపని. మీ పనికి కావలసిందేమిటో తేల్చుకోకుండా టికెట్ కొంటే ఒంటె ఎక్కి, సూర్యాస్తమయం చూసి, ఖాళీ నోటుపుస్తకంతో తిరిగి వస్తారు.

పచ్చని నేల మీద చూపు నిలవడం కష్టం. ఆకుల వెనక ఆకులు, గట్ల వెనక గట్లు. ఎడారిలో కిలోమీటరు దూరాన ఒక చెట్టు ఉంటే ఆ చెట్టునే చూడాలి, వేరే దిక్కు లేదు. గాలిలో తేమ, దుమ్ము లేని రోజున దూరపు కొండ అంచు కూడా దగ్గరి రాయి అంచంత పదునుగా కనిపిస్తుంది. దూరమయ్యే కొద్దీ రంగు పలచబడాలని నేర్చుకున్న చిత్రకారుడికి ఆ పాఠం అక్కడ అక్కరకు రాదు. రాసేవారి సంగతి వేరు. మనుషులు తక్కువ, ఎదురైన మనిషికి తీరిక ఎక్కువ. ఒక్కో మాటా పూర్తిగా వినిపిస్తుంది.

అమెరికా చిత్రకారిణి జార్జియా ఓకీఫ్ 1929లో న్యూ మెక్సికోలో ఒక వేసవి గడిపారు. తర్వాత చాలా వేసవులు అక్కడికే వెళ్లారు. 1940లో ఘోస్ట్ రాంచ్‌లో ఒక ఇల్లు, 1945లో దగ్గరలోని అబిక్యూ గ్రామంలో పాడుబడిన మట్టి ఇల్లు కొన్నారు. స్థిరపడింది 1949లో. తొలి చూపుకీ కాపురానికీ మధ్య ఇరవై ఏళ్లు గడిచాయి. ఇంటి నుంచి కనిపించే పెడెర్నల్ అనే బల్లపరుపు కొండనే మళ్లీ మళ్లీ వేశారు. ఎండకు, గాలికి తట్టుకోలేక తన ఫోర్డ్ కారునే చిన్న స్టూడియోగా మార్చుకున్నారు. మరో చిత్రకారిణి ఆగ్నెస్ మార్టిన్ 1967లో న్యూయార్క్ వదిలి, మరుసటి ఏడాది అదే రాష్ట్రానికి చేరి, తన మట్టి ఇల్లు తానే కట్టుకున్నారు. ఆ తర్వాత కొన్నేళ్లు కుంచె పట్టనే లేదు. ఎడారికి వెళ్లగానే పని ఉరుకుతుందనుకునేవారు ఈ ఖాళీ సంవత్సరాలను కూడా లెక్కలో వేసుకోవాలి.

అందుకే నా మొదటి కొలబద్ద అందం కాదు. అక్కడికి మళ్లీ వెళ్లగలరా అన్నదే. ఐదు ఎడారులు ఒక్కొక్కసారి చూసినవారి కంటే ఒక్క ఎడారికి ఐదుసార్లు వెళ్లినవారి పనిలోనే ఆ నేల కనిపిస్తుంది. ఖర్చు, దూరం, భాష, ఒంటి ఓపిక, ఇవన్నీ ఆ ఒక్క ప్రశ్నలోనే ఇమిడి ఉన్నాయి.

థార్: కథలు కావలసినవారికి

కథ, నవల, నాటకం రాసేవారికి నా ఓటు థార్‌కే. ఎడారి అనగానే ఎవరూ లేని చోటు అనుకుంటాం. ప్రపంచంలో జనం ఒత్తుగా బతికే ఎడారుల్లో థార్ ఒకటి. అక్కడికి వెళ్లేది ఏకాంతం కోసమైతే నిరాశపడతారు, మనుషుల కోసమైతే కడుపు నిండుతుంది.

అక్కడి పాటగాళ్లు మాంగణియార్లనే తీసుకోండి. వీరు ముస్లింలు. తరతరాలుగా వీరిని పోషించినవారిలో ఎక్కువ మంది హిందువులు, ముఖ్యంగా రాజపుత్రులు. ఆ ఇళ్లలో పుట్టుకకూ పెళ్లికీ పాడేది వీరే, వంశావళి నోటికి చెప్పేదీ వీరే. కమాయిచా తీగల మీద కమాను కదిలితే, ఖర్తాల్ చెక్కలు వేళ్ల మధ్య ఆడుతుంటే వినడం ఒక ఎత్తు. పాట ఆపి, ఏ ఇంటికి ఏ పాట ఎందుకు పాడాలో వాళ్లు వివరిస్తుంటే వినడం మరో ఎత్తు. రచయితకు పనికొచ్చేది ఆ రెండోదే.

ఈ నేలను ఎలా వినాలో చూపినవారు ఇద్దరున్నారు. విజయదాన్ దేథా తన సొంత ఊరు బోరుందాలోనే ఉండి, ఊరివాళ్ల నోట, ముఖ్యంగా ఆడవాళ్ల నోట విన్న కథలను రాజస్థానీలో తిరగరాశారు. ఆయన, కోమల్ కోఠారీ కలిసి 1960లో ఆ ఊళ్లోనే రూపాయన్ సంస్థాన్ స్థాపించి పాటలు, కథలు సేకరించారు. కోఠారీ రాజస్థాన్‌ను పాత సంస్థానాల సరిహద్దులతో చూడలేదు. సజ్జ తినే ప్రాంతం, జొన్న తినే ప్రాంతం, మొక్కజొన్న తినే ప్రాంతం అని మూడు భాగాలుగా చూశారు. ఎడారి సజ్జ ప్రాంతం. కోటల చరిత్ర చదివి వెళ్లేకంటే ఈ చూపుతో వెళ్తే నాలుగు రెట్లు ఎక్కువ కనిపిస్తుంది.

మనవారికి థార్ పూర్తిగా పరాయి నేల కూడా కాదు. అక్కడి పొలాల్లో కనిపించే ఖేజ్డీ మన జమ్మి చెట్టే. అది రాజస్థాన్‌కూ తెలంగాణకూ రాష్ట్ర వృక్షం. మనం దసరాకు ఆకులు పంచుకుంటే, వాళ్లు దాని కాయలు ఎండబెట్టి ఏడాది పొడవునా కూర వండుకుంటారు. కేర్ సాంగ్రీ అనే కూరలో సాంగ్రీ అంటే ఆ కాయలే. 1730లో జోధ్‌పూర్ దగ్గరి ఖేజడ్లీ గ్రామంలో ఈ చెట్లను నరకనివ్వకుండా అమృతాదేవితో సహా 363 మంది బిష్ణోయిలు ప్రాణాలిచ్చారు. మన రోళ్లపాడు గడ్డి మైదానాల పేరు చెప్పగానే గుర్తొచ్చే బట్టమేక పిట్టకు ఇవాళ మిగిలిన పెద్ద ఆశ్రయం కూడా జైసల్మేర్ వైపు ఎడారే.

ఎక్కడ ఉండాలన్నది అసలు చిక్కు. జైసల్మేర్ కోట 1156 నాటిది, ఇప్పటికీ లోపల జనం కాపురాలున్నారు. పసుపు రాతి గోడల మధ్య రెండు రోజులు బాగుంటుంది, ఆ తర్వాత గుడారాల బేరాలు, హోటళ్ల పిలుపులు విసిగిస్తాయి. ఊరికి 40 కిలోమీటర్ల దూరంలోని సామ్ తిన్నెల దగ్గర సీజన్లో రాత్రంతా స్పీకర్లు మోగుతాయి. రాసుకునేవారు అటు వెళ్లకపోవడమే మేలు. ఖూడీ గ్రామం కొంత నయం. ఇంకా నయం బాడ్‌మేర్ జిల్లాలోనో, బికానేర్ చుట్టుపక్కలో తెలిసినవారి ద్వారా ఒక గ్రామంలో గది కుదుర్చుకోవడం. తిన్నెలు తక్కువ కనిపిస్తాయి, ముళ్ల పొదలు, మేకలు, నేలలో కట్టుకున్న వాననీటి టాంకాలు ఎక్కువ కనిపిస్తాయి. నిజానికి థార్‌లో చాలా భాగం అలాగే ఉంటుంది. మార్వాడీ అర్థం కాకపోయినా హిందీతో పని నడుస్తుంది, ఇది మనకు పెద్ద వెసులుబాటు.

నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా వెళ్లండి. 2016 మే 19న ఫలోదీలో 51 డిగ్రీల ఎండ కాసింది. వేసవి ఎడారిని అనుభవించి రాయాలన్న పంతం ఉన్నవారు ఆ అంకె ఒకసారి తలచుకోవాలి.

కచ్: చేతిపని ఉన్నవారికి

కచ్ అనగానే అందరికీ ధోర్డో దగ్గరి తెల్లటి ఉప్పు మైదానం, పున్నమి రాత్రి గుర్తొస్తాయి. చూడవలసిందే, కాదనను. కానీ ఆ తెలుపు ఒక్క సాయంత్రంలో కంటికి పట్టేస్తుంది. చిత్రకారుడికి అది చాలా కష్టమైన వస్తువు: పైన నీలం, కింద తెలుపు, మధ్యలో పట్టు దొరకదు. నైరూప్య చిత్రాలు వేసేవారికి, ఫోటోగ్రాఫర్లకు మాత్రం ఇంతకంటే మంచి చోటు దేశంలో లేదనిపిస్తుంది.

కచ్‌కు రెండోసారి వెళ్లాలనిపించేది ఆ మైదానం చుట్టూ ఉన్న ఊళ్ల వల్ల. నిరోనాలో ఆముదాన్ని గంటల తరబడి మరిగించి, జిగురులా అయ్యాక రంగు కలిపి, సన్నని పుల్లతో గాల్లోనే తీగలా సాగదీస్తూ బట్ట మీద వేసే రోగన్ పని ఉంది. అక్కడి అబ్దుల్ గఫూర్ ఖత్రీకి 2019లో పద్మశ్రీ వచ్చింది. భుజ్ దగ్గరి అజ్రఖ్‌పూర్ 2001 జనవరి 26 భూకంపం తర్వాత పుట్టిన ఊరు. ధమడ్కాలో నీళ్లు అద్దకానికి పనికిరాకుండా మారడంతో అజ్రఖ్ అనే అచ్చు అద్దకం చేసే ఖత్రీలు కొందరు ఇక్కడికి వచ్చి ఇళ్లు కట్టుకున్నారు. పెడన, మచిలీపట్నం అద్దకం తెలిసినవారికి ఇక్కడ కాలు పెట్టగానే సొంతిల్లులా ఉంటుంది. చెక్క అచ్చులు, కరక్కాయ నీళ్లలో తడిపిన బట్ట, పటిక, తుప్పు ఇనుముతో చేసే నల్ల రంగు అక్కడా ఇక్కడా ఒకటే. అయితే పెడనలో పువ్వులు, లతలు ఎక్కువ, అజ్రఖ్‌లో నక్షత్రాలు, జ్యామితి ఎక్కువ. రెండు చోట్లా కొన్ని రోజులు పని చూసిన కళాకారుడు ఒక ప్రదర్శనకు సరిపడా ఆలోచనలతో వస్తాడు. వస్త్ర రూపకల్పన, ముద్రణ, కుట్టుపని చేసేవారికి థార్ కంటే కచ్ మేలని చెప్పడానికి నాకు వెనుకాడాల్సిన పని లేదు.

ఈ ఉప్పు మైదానాన్ని అక్కడ రణ్ అంటారు. రాసేవారు మాత్రం ధోర్డో వైపున్న పెద్ద రణ్ వదిలి చిన్న రణ్ వైపు వెళ్లాలి. వానాకాలం నీరు తగ్గాక అగరియా కుటుంబాలు ఆ మైదానంలోకి వెళ్లి గుడిసెలు వేసుకుంటాయి. నేలలోని ఉప్పునీటిని తోడి మడుల్లో ఎండబెట్టి, ఉప్పు తీసి, ఎండలు ముదిరాక గానీ ఊరు చేరవు. మన వంటింటి ఉప్పులో వాళ్ల చెమట ఉందని అందరూ రాస్తారు. వాళ్ల రోజు ఎలా తెల్లవారుతుందో, పిల్లల చదువు ఎలా సాగుతుందో, వ్యాపారి అప్పు ఎలా తీరుతుందో రాసినవారు తక్కువ.

తెల్ల రణ్‌కు అనుమతి పత్రం కావాలి, గుర్తింపు కార్డు మరవకండి. వానలు ఆలస్యంగా ముగిసిన ఏడాది డిసెంబరు దాకా నీరు నిలిచే అవకాశం ఉంది. తెలుపే కావాలంటే జనవరి నమ్మకమైన నెల. సమయం ఉంటే ధోలావీరా హరప్పా నగరం చూడండి. అక్కడి జలాశయాలను చూశాక ఎడారి అన్న మాటను ఆచితూచి వాడతారు.

లద్దాఖ్, స్పితి: రంగుల కోసం వెళ్లేవారికి

అనంతపురం దేశంలో జైసల్మేర్ తర్వాత అతి తక్కువ వాన పడే జిల్లా అని చిన్నప్పటి నుంచి వింటున్నాం. లద్దాఖ్‌ను లెక్కలోకి తెస్తే ఆ మాట నిలవదు. అనంతపురంలో ఏటా 550 మిల్లీమీటర్ల దాకా పడితే లేహ్‌లో పడేది సుమారు 100 మాత్రమే. ఇది చల్లని ఎడారి. చిత్రకారుడికి ఇక్కడి వెలుగుకు సాటి లేదు. ఊదా, ఆకుపచ్చ, గైరికం రంగుల కొండలు, వాటి మీద నల్లటి మేఘ నీడలు కదులుతుంటాయి. లామాయురు దగ్గర పాత సరస్సు మట్టి పసుపు రంగులో ముడతలు పడి నిలిచి ఉంటుంది. నుబ్రాలోని హుందర్‌లో ఇసుక తిన్నెలు, రెండు మూపుల ఒంటెలు కూడా ఉన్నాయి. అయితే ఆ తిన్నెల కోసం అంత దూరం వెళ్లడం దండగ, అవి జైసల్మేర్‌లో చవకగా దొరుకుతాయి.

ఇక్కడి ఆరామాల గోడలే అసలైన బడి. హిమాచల్ ప్రదేశ్‌లోని స్పితిలో ఉన్న తాబో ఆరామాన్ని 996లో స్థాపించారు, లద్దాఖ్‌లోని ఆల్చీ దాని తర్వాతిది. లోపల ఫోటోలు తీయనివ్వరు. ఇది వరం అనుకోండి. మసక వెలుతురులో నిలబడి, కన్ను అలవాటు పడేదాకా ఆగి చూడవలసి వస్తుంది.

ఈ రెండింటిలో స్పితినే ఎంచుకోమంటాను. విమానంలో నేరుగా 3,500 మీటర్ల ఎత్తున్న లేహ్‌లో దిగితే మొదటి రెండు రోజులు మంచం మీదే గడపాలి. సిమ్లా, కిన్నౌర్ మీదుగా రోడ్డున వెళ్తే ఒళ్లు మెల్లగా ఎత్తుకు అలవాటు పడుతుంది. గుండె జబ్బు, ఊపిరితిత్తుల ఇబ్బంది ఉన్నవారు ఈ రెండూ వదిలేసి థార్‌కు వెళ్లడమే తెలివైన పని. జూన్ నుంచి సెప్టెంబరు దాకా అనువైన కాలం. అంటే థార్, కచ్ మూతపడ్డ నెలల్లో ఇది తెరిచి ఉంటుంది. వేసవి సెలవుల్లో మాత్రమే వీలున్న ఉపాధ్యాయులు ఇది గుర్తుంచుకోవాలి.

గల్ఫ్‌లో, అమెరికాలో ఉన్నవారికి

అబుధాబీ, దుబాయ్‌లలో ఉన్న తెలుగు రచయితకు ఎడారి వెతుక్కుంటూ భారతదేశం రావలసిన పని లేదు. అరేబియాలోని పెద్ద ఇసుక ఎడారి రబ్ అల్ ఖాలీ అంచున లివా ఒయాసిస్సు ఉంది, అక్కడి దాకా తారు రోడ్డు ఉంది. 1940లలో బ్రిటిష్ యాత్రికుడు విల్‌ఫ్రెడ్ థెసిగర్ అక్కడి సంచార అరబ్బులైన బెదుయిన్లతో ఒంటెల మీద ప్రాణాలకు తెగించి దాటిన ఇసుక సముద్రం ఇప్పుడు వారాంతపు కారు ప్రయాణం. తిన్నెల ఎత్తులోనూ వంపుల్లోనూ థార్ దీని ముందు చిన్నబోతుంది. ఇక్కడా ఎడారిలో మన జమ్మే పలకరిస్తుంది. గాఫ్ అన్న పేరుతో అది ఎమిరేట్స్ జాతీయ వృక్షం.

ఒక్క సంగతి మాత్రం పక్కన పెట్టి ముందుకు పోలేం. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్, కడప, గోదావరి జిల్లాల నుంచి వెళ్లినవారిలో ఎందరికో ఎడారి అంటే జీతం రాని నెలలు, ఒంటెల మందలు, గొర్రెల దొడ్లు. వాళ్లను ఎడారి ఆకర్షించలేదు, అప్పు అక్కడికి పంపింది. గల్ఫ్‌లో కూర్చుని ఎడారి అందం రాసే తెలుగువాడికి ఈ రెండో ఎడారి పక్క గదిలోనే ఉంటుంది. తిన్నెల మీద వచ్చే కవితల కంటే ఆ గదిలోంచి వచ్చే కథలకే నేను ఎక్కువ విలువ ఇస్తాను.

అమెరికాలో ఉన్నవారికి ఎంపికలు చాలా. లాస్ ఏంజెలెస్ వారికి జాషువా ట్రీ ఎడారి దగ్గరవుతుంది. నోవా ప్యూరిఫాయ్ 1989 నుంచి 2004లో మరణించే దాకా పారేసిన తలుపులు, టైర్లు, టీవీ పెట్టెలతో చేసిన పెద్ద పెద్ద శిల్పాలు అక్కడ ఆరుబయట ఎండకు వాడిపోతూ నిలబడి ఉన్నాయి. పాడవడం కూడా పనిలో భాగమే అనుకున్న మనిషి. డాలస్ తెలుగువారు టెక్సాస్‌లోనే మార్ఫా అనే ఊరికి వెళ్లొచ్చు. పాత సైనిక స్థావరం షెడ్లలో కళాకారుడు డొనాల్డ్ జడ్ అమర్చిన 100 అల్యూమినియం పెట్టెల మీద పొద్దుటి ఎండ ఒకలా, సాయంత్రపు ఎండ మరోలా పడుతుంది. వెలుగు గురించి ఆలోచించేవారికి అది చాలు, కథ కావాలనుకునేవారికి ఊరు మరీ చిన్నది, ఖరీదు మరీ ఎక్కువ. న్యూ మెక్సికో ఎప్పుడూ మంచి ఎంపికే. కానీ ఓకీఫ్ కొండల్లో మరో ఓకీఫ్ బొమ్మ వేయకుండా ఉండటానికి గట్టి మనసు కావాలి. కేవలం ఎడారి కోసం హైదరాబాద్ నుంచి అమెరికా వెళ్లమని మాత్రం ఎవరికీ చెప్పను, అది మళ్లీ మళ్లీ వెళ్లగలిగే దూరం కాదు.

మన దగ్గరే లేదా?

అనంతపురం జిల్లా కణేకల్లు, బొమ్మనహాళ్ మండలాల్లో వేదవతి నది ఇసుక గాలికి లేచి తిన్నెలు కట్టింది. సినిమావాళ్లకు అది ఎడారిలా పనికొచ్చింది. అక్కడి రైతుకు అది పొలాన్ని కప్పేసే ఇసుక. కర్నూలు, అనంతపురం వైపు రచయితలకు ఇదే అన్నిటికంటే దగ్గరి, చవకైన ఎంపిక. కాకపోతే ఏకాంతం, వెన్నెల అంటూ వెళ్తే ఊరివాళ్లు నవ్వుతారు. నేల ఎలా బీడు పడుతుందో చూడాలనుకుంటే వెళ్లండి.

బయలుదేరే ముందు

ఎడారిలో దాహం గురించే అందరూ భయపడతారు, వరద మాట గుర్తురాదు. ఉత్తర ఆఫ్రికా ఎడారులే ఇల్లుగా చేసుకున్న రచయిత్రి ఇజబెల్ ఎబర్‌హార్ట్ 1904లో అల్జీరియాలోని అయిన్ సెఫ్రాలో హఠాత్తుగా వచ్చిన వరదలో చనిపోయారు, అప్పటికి ఆమెకు 27 ఏళ్లు. 2006 ఆగస్టులో బాడ్‌మేర్ జిల్లా కవాస్ గ్రామం నీట మునిగింది. 2010 ఆగస్టులో లేహ్‌లో కుంభవృష్టి వందల ప్రాణాలు తీసింది. ఎండి గట్టిపడ్డ నేల, రాయి నీటిని త్వరగా పీల్చుకోవు. ఎండిన వాగులో గుడారం వేయకండి, ఎంత అందంగా ఉన్నా.

జలవర్ణాలు వేసేవారు పొడిగాలికి సిద్ధపడాలి. కాగితం మీద రంగు కలిసేలోపే ఆరిపోతుంది, ఆక్రిలిక్ అయితే పలక మీదే గట్టిపడుతుంది. పెద్ద కుంచె, మందపాటి కాగితం, నీళ్లు చల్లే సీసా పట్టుకెళ్లండి. థార్‌లో తైలవర్ణాలు వద్దు, గాలి లేచిందంటే సగం ఎడారి కాన్వాసుకు అంటుకుంటుంది. లద్దాఖ్, స్పితిలలో తైలవర్ణాలే నయం, తెల్లవారుజామున గిన్నెలో నీళ్లు గడ్డకట్టే రోజులుంటాయి. బొగ్గు, పెన్సిలు ఎక్కడైనా నమ్మకస్థులు.

విదేశీ పాస్‌పోర్టు ఉన్న ప్రవాసులు సరిహద్దు గ్రామాలకు, నుబ్రా వంటి చోట్లకు అనుమతుల సంగతి ముందే కనుక్కోవాలి, నిబంధనలు మారుతుంటాయి. మొదటిసారి వారం చాలు, ఒకే ఊళ్లో ఉండండి. రాయడం ఆగిపోయినవారు ఏమీ రాయకుండా ఖాళీ కాగితాలతో వెళ్లకండి. సగం రాసిన పనితో వెళ్తే ఎడారి దాన్ని ముందుకు నెడుతుంది, తెల్లకాగితంతో వెళ్తే ఎక్కువసార్లు తెల్లకాగితమే మిగులుతుంది.

పాట పాడించుకున్నా, రోగన్ పని రోజంతా కూర్చుని చూసినా, ఎంత ఇవ్వాలో మొదలుపెట్టక ముందే మాట్లాడుకోండి. వినడానికి ఒక రేటు, రికార్డు చేసుకోవడానికి మరో రేటు, అచ్చు వేయడానికి వేరే మాట. పాడినవారి పేరు, ఊరు సరిగ్గా ఎలా రాయాలో వారినే అడిగి నోటుపుస్తకంలో రాయించుకోండి.